తుపాను తీరంలో రంపం పదును

తూర్పు తీరం వెంబడి బెజవాడ నుంచి కటకం వైపు రైలు పట్టాలు పడింది 1893–96 మధ్య. నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు 1900లో నడిచింది. విజయనగరం–పార్వతీపురం మార్గం 1908–09లో వచ్చింది. అదే మార్గం కొండలు దాటి రాయపూర్ చేరేసరికి 1931 అయింది. ఈ రైళ్ల కథ చెప్పేవాళ్లు జమీందార్ల పట్టుదల గురించీ, వంతెనల గురించీ, ఇంజన్ల గురించీ చెబుతారు. పట్టాల కింద పరిచిన దుంగల ప్రస్తావన ఒక వాక్యంలో తేలిపోతుంది. ఆ దుంగలు కోసిన రంపాలకు పదును పెట్టిందెవరన్నది ఆ వాక్యంలో కూడా ఉండదు.

చెప్పుకోవలసిన సంగతే అది. ఆ రోజుల్లో మైలు పట్టాకు 1,760 నుంచి 2,000 దాకా స్లీపర్లు పట్టేవి. స్లీపరుకు పనికొచ్చే కలపల్లో టేకుతో పాటు పేరున్నది సాలు. మన వైపు దాన్ని గుగ్గిలం చెట్టు అంటారు. హిమాలయాల పాదాల నుంచి మధ్య భారతం మీదుగా దిగివచ్చిన సాలు అడవి ఉత్తరాంధ్ర కొండల దగ్గర ఆగిపోతుంది. దక్షిణాన దానికి ఇదే పొలిమేర. బరువైన, గట్టి కలప. చెదకు ఓ పట్టాన లొంగదు, రంపానికీ లొంగదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాలు అడవులు రిజర్వులయ్యాయి. చెట్టు ఎవరు కొట్టాలి, ఎన్ని కొట్టాలి అన్నది కాగితం మీద తేలేది. కొట్టిన చెట్టును పలకలుగా, దూలాలుగా మార్చే పని మాత్రం ఇద్దరు మనుషులు, ఒక పొడవాటి రంపం మీదే నడిచేది.

ఆ కోత చూసినవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. దుంగను గుర్రాలనే రెండు చెక్క ఆసరాల మీదికి ఎక్కిస్తారు, లేదా గోతి మీద అడ్డంగా పరుస్తారు. బొగ్గుపొడిలోనో ఎర్రమన్నులోనో ముంచిన దారాన్ని చాచి కొట్టి గీత వేస్తారు. ఒకడు దుంగ మీద నిలబడతాడు, ఇంకొకడు కింద. మీదివాడికి గీత తప్పకుండా చూసుకునే బాధ్యత, కిందివాడికి పొట్టు కళ్లల్లో పడుతున్నా గట్టిగా లాగే బాధ్యత. రంపం పళ్లు కిందికి చూస్తుంటాయి. కిందికి లాగినప్పుడే కోత పడుతుంది, పైకి ఎత్తేటప్పుడు ఖాళీగా వస్తుంది.

ఇందులో బలం సగమే. మిగతా సగం పళ్లలో ఉంది. పొద్దున్న పని మొదలుపెట్టే ముందు, మళ్లీ మధ్యాహ్నం అన్నాలయ్యాక, రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి మూడు పలకల ఆకురాయితో ఒక్కొక్క పన్నే రాసేవారు. ఒక పన్ను కొద్దిగా ఎడమకు, తరువాతిది కుడికి వంచి ఉంచేవారు. అలా వంచితేనే రంపం వెళ్లే దారి రేకు మందం కంటే వెడల్పుగా తెగి, రంపం బిగుసుకోకుండా ఆడుతుంది. పచ్చి మామిడి దుంగ కోయాలంటే వంపు ఎక్కువ కావాలి, ఎండిన గట్టి కర్రకు తక్కువ చాలు. నిలువుకోత రంపం పన్ను ఉలిలా ఉండాలి, అడ్డకోత రంపం పన్ను కత్తిమొనలా ఉండాలి. ఒక పక్క పళ్లు పొట్టివైతే కోత రెండో పక్కకు వంగిపోతుంది. ఇవన్నీ ఏ బడిలోనూ చెప్పలేదు. వడ్రంగి కొడుకు తండ్రి పక్కన కూర్చుని రంపం పట్టుకుని నేర్చుకున్నాడు.

కళింగపట్నం, బారువ లాంటి పాత రేవుల్లో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. అలల అవతల లంగరు వేసి ఆగేవి. సరుకు మోయడానికి మేకు అన్నది లేకుండా కొబ్బరి తాడుతో పలకలను కుట్టిన పడవలు వాడేవారు. మేకు కొట్టి బిగించిన పడవ అలల దెబ్బకు విరుగుతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. కానీ కుట్టు పడవకు పలక అంచులు సరిగ్గా అతకాలి. వంకరగా తెగిన పలకను ఏ తాడూ సరిచేయలేదు. రేవు వ్యాపారానికీ రంపం పంటికీ అంత దగ్గర చుట్టరికం ఉండేది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే కళాకారుల చేతుల్లో ఈనాటికీ ఆ క్రమశిక్షణ కనిపిస్తుంది. ఏకాండ వీణలో అతుకు ఉండదు కాబట్టి మొద్దుబారిన ఉలి ఒక్కసారి జారినా దుంగంతా వృథా అవుతుంది.

తరువాత కోత మిల్లులు వచ్చాయి. విజయనగరం, శ్రీకాకుళం, పలాస, పార్వతీపురం చుట్టుపక్కల అడితీల్లో కరెంటు మోటారు మీద తిరిగే రంపాలు నిలువుకోతను చేతుల్లోంచి తీసుకున్నాయి. 1969లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోత మిల్లుల మీద నియమాలు తెచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం అడవి నరుకుడునూ, కలప మిల్లులనూ దేశమంతటా కట్టడి చేసింది. మిల్లులో రంపానికి పదును పెట్టడం ఒక ప్రత్యేక ఉద్యోగమైంది. అయితే నిలబడి ఉన్న చెట్టును పడగొట్టడం, పడ్డదాన్ని ముక్కలు చేయడం మాత్రం చాలాకాలం గొడ్డలి, అడ్డకోత రంపం చేతుల్లోనే ఉంది. అక్కడికి చైన్‌ సా వచ్చింది. మన ఊళ్లలో దాన్ని కోత మిషన్ అంటారు.

ఆ మిషన్ పుట్టుక చెట్టు కోసం జరగలేదు. 18వ శతాబ్దం చివర స్కాట్లండులో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు వైద్యులు పళ్లున్న చిన్న గొలుసును శస్త్రచికిత్సలో వాడారు. కష్టమైన కాన్పుల్లో కటి ఎముకల మధ్య కోతకూ, పాడైన ఎముక తీయడానికీ అది పనికొచ్చేది. దాన్ని చేత్తోనే లాగేవారు. అడవికి పనికొచ్చే గొలుసు రంపాన్ని జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1926లో కరెంటుతో నడిచేలా చేశాడు. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచేదాన్ని డోల్మార్ అనే కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే తన కంపెనీకి పెట్టాడు. అవి ఇద్దరు మనుషులు మోయవలసినంత బరువుండేవి. ఒక్కడు పట్టుకుని పని చేయగలిగే పెట్రోలు రంపాన్ని ష్టీల్ కంపెనీ 1950లో తెచ్చింది.

బరువు తగ్గినా చైను బాధ తగ్గలేదు. తొలి చైన్ల పళ్లు మన అడ్డకోత రంపం పళ్ల లాంటివే. కొన్ని కర్రను గీస్తాయి, కొన్ని గీసినదాన్ని ఊడ్చి బయటికి తోస్తాయి. త్వరగా మొద్దుబారేవి. పదును పెట్టాలంటే రకరకాల పళ్లను రకరకాలుగా రాయాలి, పూటంతా పట్టేది. ఈ చిక్కు విప్పింది అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన జో కాక్స్ అనే కలప కూలీ. 1946లో ఒక మొద్దును తొలుస్తున్న పెంకుపురుగు లార్వాను అతను గమనించాడు. గట్టి కర్రను నిలువుకూ అడ్డానికీ తేడా లేకుండా అది తినేస్తోంది. దాని దవడలు కుడి, ఎడమల నుంచి మార్చి మార్చి కొరుకుతున్నాయి. ఆ దవడ ఆకారాన్నే ఉక్కులో పోసి 1947లో కొత్త చైను అమ్మకానికి పెట్టాడు. కొడవలిలా వంగిన పన్ను, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ఈ రోజు ఇచ్ఛాపురం రోడ్డు పక్క కొబ్బరి మొద్దును కోస్తున్న చైనులోనూ ఉన్నది ఆ పన్నే.

జీవి దవడను పనిముట్టుగా మలచుకోవడం శ్రీకాకుళం జిల్లాకు కొత్తేమీ కాదు. పొందూరులో సన్నఖాదీ కోసం కొండపత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతోనే. ఆ దవడలోని సన్నటి పళ్ల వరుస పోగులను చిక్కు తీసి, చెత్తను వేరుచేసి, దారాన్ని మృదువుగా తీసుకొస్తుంది. యంత్రం ఏదీ ఆ పనిని అంత సున్నితంగా చేయలేకపోయింది. ఓరెగాన్ కూలీ కంటే చాలా ముందే పొందూరు ఆడవాళ్లు పంటి ఆకారానికి ఉన్న విలువ గుర్తించారని గట్టిగా చెప్పాలి.

కాక్స్ చైనుతో జరిగిన అసలు మేలు పదును విషయంలోనే. పళ్లన్నీ ఒకే ఆకారం కాబట్టి ఒక్క గుండ్రని ఆకురాయి చాలు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా కనిపించే 52, 58 సీసీ పెట్రోలు మిషన్లకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి సరిపోతుంది. చిన్న మిషన్ల సన్న చైనుకు 4 మిల్లీమీటర్లది కావాలి. కొలత తప్పితే పంటి కొక్కెం ఆకారమే మారిపోతుంది. ఆకురాయిని పన్ను లోపలి నుంచి బయటికి తోయాలి. చైను తిరిగే పలకను బారు అంటారు. ఆ బారుకు సరిగ్గా అడ్డంగా ఉండే గీత నుంచి ఆకురాయి దాదాపు 30 డిగ్రీలు వాలి ఉండాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. పంటి పైపొర మీద క్రోమియం పూత ఉంటుంది. బయటి నుంచి లోపలికి రాస్తే ఆ పూత ఆకురాయిని తినేస్తుంది. ముందుగా అన్నింటికంటే పొట్టి పన్ను ఏదో చూసుకుని, మిగతావాటిని దాని పొడవుకు తేవాలి. ఒక వరుస ఎడమ పళ్లన్నీ అయ్యాక అటువైపు తిరిగి కుడి పళ్లు రాయాలి.

ప్రతి పన్ను ముందూ ఒక చిన్న బుడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. పంటి మొన కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్ను రాసీ రాసీ పొట్టిదయ్యే కొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. అప్పుడు పన్ను ఎంత వాడిగా ఉన్నా కర్రను తాకదు. మూడు నాలుగుసార్లు పదును పెట్టాక చదును ఆకురాయితో బుడిపెను కొంచెం తగ్గించాలి. తొందరపడి ఎక్కువ తగ్గిస్తే ప్రాణాపాయం. పన్ను ఎక్కువ లోతు కొరికి, మిషన్ ఒక్కసారిగా మనిషి మీదికి ఎగురుతుంది.

మొద్దుబారిన చైను తన సంగతి తానే చెప్పుకుంటుంది. పదునుగా ఉంటే దళసరి పొట్టు రాలుతుంది, మిషన్ తనంతట తానే కర్రలోకి దిగుతుంది. పదును పోతే పొట్టు బదులు సన్నటి పొడి వస్తుంది, కోత దగ్గర పొగ లేస్తుంది, మనిషి బలంగా నొక్కాల్సి వస్తుంది. నొక్కే కొద్దీ బారు అరుగుతుంది, ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు వృథా అవుతుంది, మోచేతులు పట్టేస్తాయి. అంతదాకా రానివ్వకుండా, ట్యాంకు నిండా పెట్రోలు పోసిన ప్రతిసారీ పంటికి రెండు మూడు రాపులు వేసుకోవడమే తెలివైన పద్ధతి. సుమారు నలభై పళ్లున్న చైనుకు పది నిమిషాలు చాలు. పూర్తిగా మొద్దుబారాక కూర్చుంటే గంట పోతుంది, పళ్లూ సగం అరిగిపోతాయి. పాత కోతవాళ్లు పొద్దున్నా మధ్యాహ్నం ఆకురాయి పట్టింది ఈ లెక్కతోనే.

వెల్డింగు షాపులో తిరిగే సానరాయి మీద చైనును ఒక్క నిమిషంలో రాయించుకునే అలవాటు ఇప్పుడు పెరిగింది. చేయి తిరిగినవాడు చేస్తే ఫరవాలేదు. ఎక్కువసేపు ఆనిస్తే పంటి అంచు నీలం రంగు తిరుగుతుంది. ఏ కొలిమిలోని కమ్మరినడిగినా దాని అర్థం చెబుతాడు. ఉక్కుకు నీట ముంచి ఇచ్చిన గట్టిదనం ఆ వేడికి దిగిపోయిందని. ఆ పన్ను పది నిమిషాలు కూడా పదును నిలుపుకోదు.

ఇదంతా ఉత్తరాంధ్రకు ప్రత్యేకంగా ఎందుకు ముఖ్యమో క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం వైపు తోటలను కుదిపింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరం జిల్లాను ఊపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ పలాస దగ్గర తీరాన్ని తాకింది. గాలి గంటకు 140–150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది.

వీటిలో శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానానికి మరపురాని గాయం తిత్లీ. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల బతుకు కొబ్బరి మీద, జీడిమామిడి మీద, పనస మీద. ఒక్క తెల్లవారుజామున తరాల తోటలు నేల మీద పరుచుకున్నాయి. కరెంటు స్తంభాలు కూలాయి. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారికి చెట్లు అడ్డం పడ్డాయి. ఊరికి తాగునీరు రావాలన్నా, అంబులెన్సు రావాలన్నా, లైన్‌మన్ రావాలన్నా ముందు చెట్టు తెగాలి.

పైగా అది కొబ్బరి చెట్టు. టేకు, వేప లాంటి చెట్లలో నడిమి చేవ గట్టిగా ఉంటుంది. కొబ్బరి మానులో అందుకు తలకిందులు. నడుమ మెత్తన, అంచున రాయిలాంటి నారల పొర. ఆ నారల్లో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేదే. దానికి తోడు ఉద్దానం నేల ఇసుక నేల. పడ్డ మాను ఒళ్లంతా తడి ఇసుక అంటుకుని ఉంటుంది. అడుగు కోత పూర్తయ్యేటప్పుడు సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో తిరిగే చైను ఒక్క క్షణం నేలను తాకితే చాలు, పళ్లన్నీ ఒకేసారి పోతాయి. తెలిసినవాళ్లు ముందు మాను మీది ఇసుకను కత్తితో గీకేస్తారు. కింద ముక్క పెట్టి పైకెత్తుతారు, లేదా ముప్పావు వంతు పైనుంచి కోసి, మానును దొర్లించి మిగతాది కోస్తారు. తెలియనివాళ్లు మిషన్‌ను తిట్టుకుంటారు.

పడ్డ మానును అలాగే వదిలేయడానికీ వీల్లేదు. కుళ్లుతున్న కొబ్బరి మొద్దు కొమ్ము పురుగుకు పుట్టిల్లు. దాని లార్వాలు ఆ మొద్దులో పెరుగుతాయి, పెద్దవైన పురుగులు పక్కన మిగిలిన చెట్ల మొవ్వు తొలుస్తాయి. గాయపడ్డ చెట్లకు ఎర్రముక్కు పురుగు ఎలాగూ చేరుతుంది. తుపాను తప్పించుకున్న చెట్టును కాపాడుకోవాలంటే పడ్డ చెట్టును కోసి తీసేయాలి. కొత్త మొక్క నాటితే కాపుకు అయిదారేళ్లు ఆగాలి. ఆ అయిదారేళ్ల తిండి మిగిలిన చెట్ల మీదే గనక రైతుకు ఈ కోత ఎంత త్వరగా జరిగితే అంత మంచిది. కోత కూలీ మాత్రం గంటల లెక్కన పెరుగుతుంది. పదును లేని చైనుతో సాగే ప్రతి గంటా అప్పటికే నష్టపోయిన రైతు జేబులోంచి పోతుంది.

2006లో ఏర్పడిన జాతీయ విపత్తు స్పందన దళం చేతిలో కోత మిషన్లు ఉంటాయి, వాటిని చూసుకునే శిక్షణా ఉంటుంది. ఆ దళం ముందు పెద్ద రోడ్లు తెరుస్తుంది, తెరవాలి కూడా. ఊరి లోపలి సందులు, తోటల దారులు, చెరువు గట్లు తెరిచేది ఊరివాళ్లే. సరుగుడు, నీలగిరి తోటల కోతకు తిరిగే కుర్రాళ్ల దగ్గర ఇప్పుడు సొంత మిషన్లున్నాయి. మిషన్ ఎలా స్టార్ట్ చేయాలో అందరికీ వచ్చు. పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలో చాలామందికి తెలుసు. ఆకురాయి ఏ వాలులో పట్టాలో తెలిసినవాళ్లు తక్కువ. తాతల దగ్గర నిండుగా ఉన్న విద్య మనవళ్ల దగ్గరికి వచ్చేసరికి పలచబడింది. గోతి కోత ఆగిపోయినప్పుడు రంపంతో పాటు దాన్ని రాసే విద్యనూ అటక మీద పడేశాం. అది తప్పు. పనిముట్టు మారింది గానీ ఎడమ పన్ను, కుడి పన్ను సూత్రం మారలేదు, ఒక పక్క పొట్టిదైతే కోత వంగే నియమమూ మారలేదు.

అందుకే శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల అధికారులకూ, పంచాయతీలకూ ఒక విన్నపం. ఏటా సెప్టెంబరులో తుపాను సన్నాహాల జాబితా తయారవుతుంది. అందులో ఇసుక బస్తాలు, జనరేటర్లు, కోత మిషన్లు ఉంటాయి. ప్రతి మిషన్ పేరు కింద మరో వరుస చేర్చండి: రెండు అదనపు చైన్లు, చైను కొలతకు తగిన గుండ్రని ఆకురాళ్లు అరడజను, చదును ఆకురాయి ఒకటి, చేతి తొడుగులు. ఒక ఆకురాయి ఖరీదు ఒకటి రెండు లీటర్ల పెట్రోలు ధరకు మించదు. తీర మండలాల్లో ఊరికి ఇద్దరు ముగ్గురు యువకులకు ఒక్క రోజు పదును పెట్టడం నేర్పించండి. నేర్పడానికి దూరం నుంచి ఎవరినీ పిలవనక్కర్లేదు. పాలకొండ, పాతపట్నం, సాలూరు వైపు ముసలి వడ్రంగులు, కోతవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను కుర్చీ వేసి కూర్చోబెట్టండి, వాళ్లు చెప్పేది రాసి పెట్టుకోండి. బంగాళాఖాతంలో తుపాన్లకు అక్టోబరు, నవంబరు ముఖ్యమైన నెలలు. ఈ పని సెప్టెంబరు దాటకముందే జరగాలి.